ఎవరూ చూడనప్పుడు కూడా నిజాయితీగా ఉండాలంటే ఏం చేయాలి

ఆదివారం సంఘంలో కూర్చున్నప్పుడు అందరం బాగానే ఉంటాం. అసలు సంగతి రాత్రి తలుపేసుకుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాక తెలుస్తుంది. దేవుడు చూస్తున్నాడు జాగ్రత్త అని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం, అది నిజమే, కానీ శోధన, అంటే తప్పు చేయాలనే లాగుడు, మీదికొచ్చిన నిమిషంలో ఆ మాట గుర్తు రాదు, గుర్తొచ్చినా ఈ ఒక్కసారికే అని సర్దిచెప్పుకుంటాం. అందుకే ముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

బైబిల్లో ఆదికాండం 39 ఒకసారి నిదానంగా చదవండి. తనతో పడుకోమని యజమాని పోతీఫరు భార్య పట్టుకుంటే యోసేపు బట్ట వదిలేసి పారిపోయిన సీన్ మీదే ప్రసంగాలన్నీ ఉంటాయి గానీ, దానికి ముందు 10వ వచనంలో ఆమె రోజూ అడుగుతూనే ఉందనీ అతను ఆమె దగ్గర ఉండటానికి కూడా ఒప్పుకోలేదనీ ఉంది. తర్వాత ఇంట్లో ఎవరూ లేని రోజు వచ్చింది, అప్పటికే అతను డిసైడ్ అయిపోయి ఉన్నాడు కాబట్టి ఆలోచించుకునే పని లేకపోయింది. మీరూ ముందు మీరు ఎప్పుడు శోధనలో పడిపోతున్నారో చూసుకోండి, అలసిపోయినప్పుడా, ఎవరితోనో గొడవయ్యాకా, నిద్ర పట్టనప్పుడా. అది తెలిస్తే సగం పని అయినట్టే. రాత్రి ఫోన్‌తోనే ప్రాబ్లం అయితే దాన్ని వేరే గదిలో చార్జింగ్ పెట్టి పడుకోండి, అలారం కోసం ఒక మామూలు గడియారం చాలు. ఇదేం ఆత్మీయత అని కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఏది తప్పో తేల్చుకోలేకపోతే, దీన్ని దాచాల్సి వస్తుందా అని అడగండి. యెహోషువ 7లో ఆకాను అనే ఇశ్రాయేలీయుడు, దేవుడు ముట్టొద్దన్న యెరికో సొమ్ములోంచి మంచి పైవస్త్రం ఒకటి, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మీ తీసుకుని డేరాలో నేల తవ్వి పాతిపెట్టాడు. అంత మంచి బట్ట, వేసుకుని బయటికి రాలేడు మరి! హిస్టరీ డిలీట్ చేయాల్సి వస్తోందన్నా, ఎవరైనా రాగానే స్క్రీన్ మార్చాల్సి వస్తోందన్నా అక్కడ ఆగండి. పుట్టినరోజు సర్‌ప్రైజ్ దాచడం వేరే సంగతి లెండి.

డబ్బు దగ్గర మాత్రం మీ మీద మీరే నమ్మకం పెట్టుకోకండి. యెరూషలేము పేదల కోసం పోగైన చందాని అపొస్తలుడు పౌలు ఒక్కడే పట్టుకెళ్లలేదు, తన జతపనివాడు తీతుతో పాటు ఇంకొందరు సహోదరుల్ని పెట్టాడు, ప్రభువు దృష్టికే కాదు మనుషుల దృష్టికి కూడా సరిగ్గా ఉండాలని కారణం కూడా రాశాడు (2 కొరింథీ 8:20-21). పౌలుకే అవసరమైంది మనకి అక్కర్లేదా? కానుకలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఆఫీసు ఖర్చుల బిల్లు ఏ రోజుది ఆ రోజే రాసేయాలి, నెలాఖరుకి గుర్తు తెచ్చుకుని రాస్తే అంకె ఎప్పుడూ మనవైపే జరుగుతుంది.

సంఘంలో మన అనుభవం సాక్ష్యంగా చెప్పేటప్పుడు ఉపవాసం ఒక పూట చేసి రోజంతా అన్నట్టు చెప్పడం లాంటివి కూడా చూసుకోండి. పొలం అమ్మి డబ్బు తెచ్చిన అననీయ సప్పీర దంపతుల (అపొస్తలుల కార్యములు 5) తప్పు కొంత దాచుకోవడం కాదు, పొలం నీదే, డబ్బూ నీ చేతిలోదే అని అపొస్తలుడు పేతురే అన్నాడు. కొంత ఇచ్చి మొత్తం ఇచ్చినట్టు చూపించారు, అదే తప్పు.

పడిపోతే ఏం చేయాలి? ఆ రోజే దేవుని దగ్గర ఒప్పుకోండి, రేపటికి వదిలితే దాన్ని దాచడానికి ఇంకో అబద్ధం కావాలి. ఎవరి సొమ్మైనా తీసుకుని ఉంటే సారీ ప్రభువా అనేసి ఊరుకోవడం కుదరదు, తిరిగివ్వాలి, ధర్మశాస్త్రంలో అయితే దానిమీద అయిదో వంతు కలిపి ఇమ్మని ఉంది (సంఖ్యాకాండం 5:7), సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని యేసుతో అన్నాడు. ఆ తర్వాత నోరు జారని విశ్వాసి ఒకరికి చెప్పుకోండి, మగవాళ్లు మగవాళ్లకి, ఆడవాళ్లు ఆడవాళ్లకి అయితే మేలు. సంఘమంతా తెలియక్కర్లేదు. "కొంచెం ప్రార్థన చెయ్యి బ్రదర్" అని పైపైన కాకుండా విషయం పేరు పెట్టి చెప్పి, వారం తర్వాత మళ్లీ అడగమని వాళ్లకే ఆ పని అప్పజెప్పండి.