డిక్షనరీలో కనపడుతోంది, అడిగితే లేదంటోంది

మామయ్య కొబ్బరికాయల లోడ్ల లెక్కలకి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. ఊళ్ళ పేర్లూ కిరాయిలూ డిక్షనరీలో (పేరుకి విలువ జతచేసి దాచే పట్టిక, ఆ పేరునే కీ అంటారు) పెట్టాను. ఊరి పేరు ఇస్తే లారీ కిరాయి చెప్పాలి, అంతే. రావులపాలెం చెప్పింది, రాజోలు చెప్పింది, అమలాపురం అడిగితే మాత్రం కీఎర్రర్, అంటే ఆ కీ లేదనే ఎర్రర్. డిక్షనరీ మొత్తం ప్రింట్ చేస్తే అందులో అమలాపురం నిక్షేపంలా ఉంది!

ఇలాంటప్పుడు చాలామంది గెట్() వాడి, కీ దొరక్కపోతే 0 ఇమ్మంటారు. నేనూ అదే చేశాను. ఎర్రర్ పోయింది, కిరాయి లేకుండా బిల్లు పోయింది, సాయంత్రానికి మామయ్య ఫోను. కాబట్టి ముందు ఆ గెట్ తీసేయండి, ఎర్రర్ రానివ్వండి.

ఇప్పుడు మీరు అడిగిన కీని, డిక్షనరీలో ఉన్న కీని ఆస్కీ() ఫంక్షన్‌కి ఇచ్చి ఒకదాని కింద ఒకటి ప్రింట్ చేయండి. ప్రింట్ ఒక్కటే చాలదు, ఎందుకంటే అది అక్షరాల బొమ్మ చూపిస్తుంది, ఆస్కీ() అయితే ఒక్కో అక్షరం కోడ్ నంబరు బయటపెడుతుంది. నా దాంట్లో చివరి కోడ్ ఒకచోట 0సి02, ఇంకోచోట 0సి66. మొదటిది పురంలో ఉండాల్సిన సున్నా, రెండోది తెలుగు అంకె సున్నా, ఎవరో టైప్ చేసేటప్పుడు అది నొక్కేశారు. మనం రెండిటినీ సున్నా అనే పిలుస్తాం, పైథాన్‌కి ఆ చుట్టరికం తెలియదు.

చివర ఖాళీ ఉంటే స్ట్రిప్() చాలు. 200సి కోడ్ ఉన్న కనపడని అక్షరం పొల్లు తర్వాత చేరుతుంటుంది, అది స్ట్రిప్‌కి లొంగదు, రీప్లేస్()తో తీసేయాలి. 'వైనతేయ'లో ఐత్వం ఒక కోడ్‌గానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు, దానికి యూనికోడ్‌డేటాలోని నార్మలైజ్‌ని ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో (విడి ముక్కల్ని ఒకే కోడ్‌గా కలిపేది) వాడండి. అంకె సున్నాని మాత్రం అది ముట్టుకోదు, మీరే మార్చాలి (కీలలో ౧౦ లాంటి తెలుగు అంకెలుంటే ఆలోచించి).

పిన్‌కోడ్ కీ అయితే కొటేషన్లు చూడండి. 533201 అంకెగా ఒక కీ, కొటేషన్లలో ఉంటే వేరే కీ. జేసన్‌లో (డేటా దాచే ఒక ఫైలు ఫార్మాట్) దాచి తిరిగి తెస్తే అంకెల కీలన్నీ స్ట్రింగులు (కొటేషన్లలోని అక్షరాలు) అయిపోతాయి, నాకు దీనిమీద ఒక ఆదివారం పోయింది.

ఈ శుభ్రం చేసే పనంతా ఒకే ఫంక్షన్‌లో పెట్టి, డిక్షనరీలో వేసేటప్పుడూ అడిగేటప్పుడూ రెండుసార్లూ దాన్నే పిలవండి. ఒకవైపే చేస్తే మళ్ళీ మొదటికే వస్తారు.

అంబాజీపేట, అంబాజిపేట తేడా మాత్రం ఏ కోడింగ్ చిట్కాకీ దొరకదు, రెండూ జనం రాసే పేర్లే. వాటికి విడిగా ఇంకో చిన్న డిక్షనరీ పెట్టి, మారుపేరు ఇస్తే అసలు పేరు వచ్చేలా చేసుకున్నాను, కొత్త మారుపేరు తగిలినప్పుడల్లా మామయ్యే చెప్తాడు.