పెంపుడు ఎలుక చిక్కిపోతుంటే ఏం చూడాలి, ఏం పెట్టాలి

ఎలుక సన్నబడిందని అనిపించగానే చాలామంది గిన్నె నిండా పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు పోసేస్తారు. కాస్త ఆగండి. ఎదురుగా తిండి ఉన్నా చిక్కిపోతోందంటే, అది తినలేకపోతూ ఉండాలి, లేదా తోటివి తిననివ్వకపోతూ ఉండాలి, లేదా తిన్నది ఒంటపట్టకపోతూ ఉండాలి. ఏదో తేల్చుకోకుండా పెట్టే తిండి వృథా.

ముందు తూకం వెయ్యండి. వంటింటి డిజిటల్ కాటా మీద చిన్న డబ్బా పెట్టి, సున్నా చేసి, ఎలుకను అందులో కూర్చోబెట్టండి. వారానికోసారి రాసుకుంటే చాలు. ఎదిగిన ఆడ ఎలుకలు చాలావరకు 250 నుంచి 350 గ్రాములు, మగవి 450 నుంచి 650 గ్రాములు తూగుతాయి. అయితే పక్క ఎలుకతో పోల్చకండి, దాని పాత బరువుతోనే పోల్చండి. 400 గ్రాములది 360కి దిగిందంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. కాటా లేకపోతే వీపు నిమిరి చూడండి. వెన్నుపూసలు విడివిడిగా వేలికి తగులుతుంటే బాగా తగ్గినట్టే.

తిండి నోట పెట్టుకుని వదిలేస్తోంది

మొదటి అనుమానం పళ్ల మీదే. ఎలుక ముందు పళ్లు నాలుగూ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పైవీ కిందవీ రాసుకుని అరుగుతాయి కాబట్టి సరిపోతుంది. వరస తప్పితే ఆ అరుగుదల ఆగిపోయి, వంకర తిరిగి అంగిట్లోకి గుచ్చుకుంటాయి. పెదవిని మెల్లగా ఎత్తి చూడండి. పళ్లు పసుపు, నారింజ రంగులో ఉండటం, కిందివి పైవాటికన్నా పొడుగ్గా ఉండటం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. వంకర, విరుగు, గడ్డం కింద చొంగ తడి కనిపిస్తే వెటర్నరీ డాక్టర్ చేత అరగదీయించాలి. గోళ్లు తీసే కట్టర్‌తో ఇంట్లో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలిపోవచ్చు, ఆ పని చెయ్యొద్దు.

పళ్లు బాగానే ఉన్నా, వయసు మళ్లిన ఆడ ఎలుక ముందు కాళ్లతో ముక్కను పట్టుకోలేకపోతుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి కావచ్చు. ఇది వాటిలో అరుదేమీ కాదు. పరీక్ష చేయించి, ఈలోపు నాకడానికి వీలైన జావలాంటి తిండి పెట్టండి.

నాలుగు ఎలుకల్లో ఒకటే బక్కగా ఉంది

పెత్తనం చేసే ఎలుక గిన్నె దగ్గర కాపలా కాస్తోందేమో గమనించండి. గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి, కొంత తిండిని బోను అంతటా చల్లండి. బక్కదాన్ని రోజూ కాసేపు పక్కకు తీసి విడిగా తినిపించండి. పూర్తిగా వేరు చేయకండి, ఒంటరైతే బెంగ పెట్టుకుంటుంది.

గింజల మిక్స్‌లో సగం మిగులుస్తోంది

ఇష్టమైనవి ఏరుకు తింటోంది. పెల్లెట్లకు, అంటే అన్నీ కలిపి ఒకేలా గుళికలుగా చేసిన ఎలుకల తిండికి మార్చండి.

ముక్కు చుట్టూ ఎర్రటి మరక, ఊపిరిలో చప్పుడు

ఆ ఎరుపు సాధారణంగా రక్తం కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. ఒంట్లో బాగాలేదని చెప్పే గుర్తు. ఊపిరి చప్పుడు కూడా తోడైతే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్ పడకుండా ఎంత తినిపించినా బరువు నిలవదు.

తిండీ నీళ్లూ రెండూ తగ్గాయి

నీళ్ల బాటిల్ మూతిలోని గోళీ ఇరుక్కుపోయిందేమో వేలితో తట్టి చూడండి. నీళ్లు అందని ఎలుక తిండి కూడా మానేస్తుంది. మన మే నెల ఎండల్లో 30 డిగ్రీలు దాటిన గది కూడా కారణమే. బోనును చల్లటి చోటికి మార్చండి.

నీళ్లు విపరీతంగా తాగుతూ చిక్కిపోతోంది

ముసలి ఎలుకల్లో, ముఖ్యంగా మగవాటిలో, కిడ్నీ జబ్బు కావచ్చు. పరీక్ష అయ్యేదాకా గుడ్లు, మాంసం పెంచకండి.

కారణం తేలాక ఏం పెట్టాలి

పెల్లెట్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, వాటికి తోడుగా రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టండి. మెత్తటి అన్నంలో కలిపిన పెసరపప్పు, ఉడికించిన గుడ్డు, ఓట్స్ జావ బాగా పనికొస్తాయి. ఉప్పు, కారం, ఉల్లిపాయ వద్దు. పచ్చి రాజ్మా, పచ్చబారిన బంగాళాదుంప అసలే వద్దు. పీనట్ బటర్‌ను ముద్దగా పెట్టకండి. ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు, గొంతుకు అడ్డం పడితే బయటికి రాదు.

సొంతంగా తినకపోతే, పసిపిల్లల ఉగ్గు పొడిని గోరువెచ్చని నీళ్లలో పల్చగా కలిపి, సూది లేని 1 మిల్లీలీటర్ సిరంజితో పట్టండి. ఎలుక నాలుగు కాళ్ల మీద నిలబడి ఉండాలి. సిరంజిని నోటి పక్క నుంచి పెట్టి ఒక్కో చుక్కే వదలండి, మింగాకే ఇంకో చుక్క. వెల్లకిలా పట్టుకుంటే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజంతా ఏమీ ముట్టని ఎలుకను మాత్రం సిరంజితో సరిపెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.