స్వాన్ లేక్ బ్యాలేని మొదటిసారి ఎలా చూడాలి?

బ్యాలే చూద్దామని ఉత్సాహంగా కూర్చున్నవాళ్లు చాలామంది అరగంట తిరక్కుండానే లేచిపోతారు. నాట్యం నచ్చక కాదు, ఏం జరుగుతోందో అంతుపట్టక. కూచిపూడిలో పక్కన ఒకరు పాడుతుంటారు, ఆ పాటలో మాటలుంటాయి, మాటకు తగ్గట్టు చెయ్యీ కన్నూ కదులుతాయి. బ్యాలేలో సాహిత్యం ఉండదు, వేదిక మీద ఎవరూ నోరు విప్పరు. సాహిత్యం చేయాల్సిన పని చాలావరకు బాణీయే చేస్తుంది. అందుకే కళ్లకంటే ముందు చెవులను సిద్ధం చేసుకోవాలి.

దీనికి రష్యన్ సంగీతకారుడు చైకోవ్‌స్కీ స్వరపరచిన స్వాన్ లేక్, అంటే హంసల సరస్సు, చాలా అనువైనది. ఇందులో ఒక్క బాణీని గుర్తుపట్టగలిగితే చాలు, కథ చివరిదాకా అదే మీకు దారి చూపిస్తుంది. రోజుకు ముప్పావుగంట కేటాయిస్తే నాలుగైదు రోజుల్లో మొత్తం చూసేయవచ్చు.

1. కథ ముందే తెలుసుకోండి

కథ ముందే తెలిస్తే ఆసక్తి పోతుందన్న భయం ఇక్కడ అక్కర్లేదు. భామాకలాపం చూడబోయేవాళ్లకు సత్యభామ సంగతి తెలియకుండా ఉంటుందా? ఇదీ అంతే.

రాకుమారుడు సీగ్‌ఫ్రీడ్ పెళ్లీడుకొచ్చాడు. రేపటి విందులో వధువును ఎంచుకోవాలని తల్లి పట్టుబడుతుంది. ఆ రాత్రి అతను విల్లు పట్టుకుని హంసల వేటకు వెళ్తాడు. సరస్సు ఒడ్డున ఒక హంస అతని కళ్ల ముందే అమ్మాయిగా మారుతుంది. ఆమె ఓడెట్. రోత్‌బార్ట్ అనే మాంత్రికుడి శాపం వల్ల పగలు హంసగా, రాత్రి మనిషిగా బతుకుతోంది. అంతవరకు ఎవరినీ ప్రేమించని యువకుడు ఆమెనే ప్రేమిస్తానని ప్రమాణం చేసి నిలబెట్టుకుంటే శాపం తీరుతుంది. మర్నాడు విందుకు రోత్‌బార్ట్ తన కూతురు ఓడిల్‌ను తీసుకొస్తాడు. ఆమె అచ్చం ఓడెట్‌లా ఉంటుంది. సీగ్‌ఫ్రీడ్ మోసపోయి ఆమెకు ప్రమాణం చేసేస్తాడు. మిగిలింది సరస్సు ఒడ్డున క్షమాపణ, ముగింపు.

మొదటి అంకం తోటలో, రెండోది సరస్సు దగ్గర, మూడోది కోటలో, నాలుగోది మళ్లీ సరస్సు దగ్గర జరుగుతాయి. ఒక్క చిక్కుంది. 1895 నాటి ప్రదర్శన (దాని సంగతి మూడో మెట్టులో) దీన్ని మూడు అంకాలు, నాలుగు దృశ్యాలుగా విభజించింది. ఆ పద్ధతి పాటించే కంపెనీలు, అంటే బ్యాలే బృందాలు, మన రెండో అంకాన్ని ‘మొదటి అంకం, రెండో దృశ్యం’ అని రాస్తాయి. అంకె చూసి వెతికితే తప్పిపోతారు. చెట్లు, వెన్నెల, సరస్సు కనిపించే మొదటి చోటు కోసం వెతకండి.

2. ఓబో బాణీని మూడుసార్లు వినండి

ఇంకా వీడియో తెరవొద్దు. రెండో అంకం మొదట్లో వచ్చే సంగీతం ఒక్కటే పెట్టుకోండి. పూర్తి స్వరరచనలో ఇది 10వ సంఖ్య, మూడు నిమిషాలు ఉంటుంది. తీగవాద్యాలు సన్నగా వణుకుతుంటాయి, హార్ప్ అనే నిలువు తీగవాద్యం అలల్లా మోగుతుంటుంది, వాటి మీదుగా ఓబో ఒక దిగులు బాణీ అందుకుంటుంది. ఓబో మన సన్నాయికి చుట్టమే. రెండింటిలోనూ జంటగా కట్టిన పలుచటి రెల్లు ముక్కల మధ్య నుంచి గాలి ఊదుతారు. ఆ గొంతులో కాస్త ముక్కుతో పలికినట్టుండే జీర అక్కడి నుంచే వస్తుంది.

బాణీ బి మైనర్‌లో ఉంటుంది. అంటే దిగులు పలికే ఒక పాశ్చాత్య స్వరాల వరుస. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు, సహజ మైనర్ స్కేలు అంటే నటభైరవి మేళం స్వరాలే. గమకాలుండవు, కాబట్టి రాగంలా వినిపించదు, కానీ స్వరస్థానాలు చెవికి కొత్తగా ఉండవు.

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి ఓబోని మాత్రమే పట్టుకోండి. మూడోసారి అదే బాణీని హార్న్‌లు అందుకుని ఆర్కెస్ట్రా మొత్తం ఎగసే చోటు గమనించండి. మీ అంతట మీరు కూనిరాగం తీయగలిగితే ఈ మెట్టు దాటినట్టే. ఫోన్ స్పీకర్‌లో వింటే హార్ప్, చెల్లోలు (పెద్ద వయొలిన్ లాంటివి) దాదాపు మాయమై ఓబో ఒంటరిగా మిగులుతుంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

3. సరైన వీడియో ఎంచుకోండి

వివరాల్లో నృత్య రూపకర్తలుగా మారియస్ పెటిపా, లెవ్ ఇవానోవ్ పేర్లు ఉన్నాయో లేదో చూడండి. 1877 మార్చి 4న మాస్కో బొల్షాయ్ థియేటర్‌లో జరిగిన మొదటి ప్రదర్శనకు నాట్యం కూర్చినది జూలియస్ రైసింగర్. అది పెద్దగా మెప్పు పొందలేదు. అప్పటిదాకా బ్యాలే సంగీతమంటే నర్తకులకు కావలసిన కొలతకు కత్తిరించి ఇచ్చే సరుకు. చైకోవ్‌స్కీ సింఫనీ రాసినంత లోతుగా రాశాడు, అది నాట్యానికి బరువనిపించింది. 1893లో ఆయన చనిపోయాక, 1895 జనవరిలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మారిన్‌స్కీ థియేటర్ దీన్ని కొత్తగా ప్రదర్శించింది. కోట, తోట అంకాలు పెటిపావి, సరస్సు అంకాలు ఇవానోవ్‌వి. ఈరోజు మనం చూసేవాటిలో ఎక్కువ భాగం ఈ ప్రదర్శన నుంచే వచ్చాయి.

రెండో విషయం నిడివి. విరామాలు తీసేసినా పూర్తి బ్యాలే రెండు గంటలకు తగ్గదు. గంటలోపు ఉంటే కోసేసినదే. కెమెరా మాటిమాటికీ ముఖం దగ్గరికి వెళ్లే వీడియో కూడా వద్దు. సరస్సు అంకాల్లో సగం అందం హంసల వరుసల్లో ఉంది, అది వేదికంతా కనిపిస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటి, చాలామందికి తట్టనిది. టీవీకి బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కలిపితే శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చే అవకాశం ఉంది. సినిమా సంభాషణల్లో సరిపెట్టుకోవచ్చు. బ్యాలేలో మాత్రం నర్తకి నేల మీద వాలాక తాళం పడుతుంది, ఆమే తాళం తప్పినట్టు కనిపిస్తుంది. వైరు హెడ్‌ఫోన్స్ వాడండి.

4. రెండో అంకంతో మొదలుపెట్టండి

మొదటి అంకంలో పుట్టినరోజు వేడుక, వాల్ట్జ్, ముగ్గురి నాట్యం, మద్యపు గిన్నెలు పట్టుకుని చేసే నాట్యం ఉంటాయి. చూడచక్కనివే, కానీ ఓడెట్ అందులో కనిపించదు. కొత్తవాళ్లు చేతులెత్తేసేది అక్కడే. రెండో అంకం అరగంట పైచిలుకు ఉంటుంది, విడిగా చూసినా నిలబడుతుంది. చైకోవ్‌స్కీ స్మారకంగా 1894లో మారిన్‌స్కీలో వేసినది కూడా ఈ ఒక్క అంకమే.

ఓడెట్ రాగానే ఆమె పాదాలు వదిలేసి చేతులు చూడండి. ముఖాన్ని భుజానికి రాసుకుంటూ ఈకల మీద నీళ్లు విదిల్చుకుంటుంది. ఆ కదలిక మణికట్టు దగ్గర పుట్టదు, వీపులో రెక్కల ఎముకల దగ్గర మొదలై మోచేతి మీదుగా వేళ్లకు చేరుతుంది. మణికట్టు మాత్రమే ఊపే నర్తకి చేతులు రెక్కల్లా కనిపించవు.

మన కంటికి ఒక అలవాటు మార్చుకోవాలి. కూచిపూడిలో పాదం నేలను తాకి మోగాలి, గజ్జెలు తాళం చెప్పాలి. బ్యాలేలో పాదం చప్పుడు చేయకపోవడమే పనితనం. గెంతి వాలినప్పుడు ధబ్బుమని వినిపిస్తే అది లోపమే. బూటు మొన గట్టిది కాబట్టి కొద్దిపాటి టకటక మామూలే.

ఆ తర్వాత ఓడెట్, సీగ్‌ఫ్రీడ్ ఇద్దరూ చేసే నెమ్మది నాట్యం వస్తుంది. ఈ బ్యాలే మొత్తానికి గుండెకాయ ఇదే. మొదట హార్ప్ ఒక్కటే, తర్వాత వయొలిన్ ఒక్కటే. వయొలిన్‌ను ఓడెట్ గొంతు అనుకోండి. చివర్లో కింది స్థాయిలో చెల్లో వచ్చి కలుస్తుంది, అది రాకుమారుడిది. తానే నాశనం చేసిన ‘ఉండీనా’ అనే ఒపేరా నుంచి చైకోవ్‌స్కీ ఈ యుగళాన్ని ఇక్కడికి తెచ్చాడు. మాటలు పోయాయి, సంభాషణ మిగిలింది. ముగింపులో ఓడెట్ ఒంటికాలి మొన మీద నిలబడి, రెండో పాదాన్ని చీలమండ దగ్గర సన్నగా, వేగంగా కొట్టుకునేలా ఆడిస్తుంది. పిట్టను చేతిలో పట్టుకున్నప్పుడు లోపల గుండె కొట్టుకున్నట్టుంటుంది. దీన్ని వెనక్కి జరిపి రెండుసార్లు చూడండి.

అదే సమయంలో వెనక నిలబడ్డ హంసలనూ చూడండి. పెద్ద కంపెనీల్లో ఇరవై నలుగురైనా ఉంటారు. నిమిషాల తరబడి ఒక కాలి మీద బరువు మోపి కదలకుండా నిలబడతారు. గెంతడం కంటే ఇదే కష్టం, కండరాలు పట్టేస్తాయి. వాళ్లలో ఒకరి తల కాస్త వంగినా వరుస మొత్తం వంకరగా కనిపిస్తుంది.

నాలుగు చిన్న హంసల నాట్యం నిమిషంన్నర మాత్రమే. నలుగురూ చేతులు ఒకరి ముందు నుంచి ఒకరు పెనవేసుకుని పట్టుకుంటారు. చేతులు కట్టుబడి ఉంటే శరీరం తూకం కాపాడుకోవడానికి ఆసరా ఉండదు. ఒకరు తడబడితే ఆ కుదుపు నలుగురికీ పాకుతుంది. ఇక్కడ పాదాలకంటే తలలు చూడండి, నాలుగూ ఒకే క్షణంలో తిరుగుతున్నాయా లేదా.

5. చేతి భాష నాలుగు మాటలు నేర్చుకోండి

హస్తముద్రలు ఎరిగిన మనకిది తేలిక. ఎడమచేతి ఉంగరపు వేలిని చూపిస్తే పెళ్లి. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంటే ప్రేమ. పిడికిళ్లు బిగించి మణికట్లు అడ్డంగా కలిపి కిందికి దించితే చావు. ఒక చెయ్యి గుండె మీద ఉంచి రెండో చేతి రెండు వేళ్లు పైకెత్తితే ప్రమాణం. ఓడెట్ చెంపల మీదుగా వేళ్లు జారుస్తూ సరస్సు వైపు చూపిస్తే, ఆ సరస్సు తన తల్లి కన్నీళ్లతో నిండిందని చెబుతోందన్నమాట. బ్రిటిష్ సంప్రదాయంలో ఈ అభినయం నిలిచింది. రష్యన్ ప్రదర్శనలు చాలావాటిలో దీని స్థానంలో నాట్యమే ఉంటుంది. కాబట్టి కనబడకపోతే మీరు గమనించలేదని అనుకోవద్దు.

6. మూడో అంకం: నల్ల హంస

ఓడిల్ పాత్ర కూడా సాధారణంగా ఓడెట్ వేసిన నర్తకే వేస్తుంది. నల్ల దుస్తులు 20వ శతాబ్దంలో స్థిరపడ్డ అలవాటు. దుస్తుల రంగు పక్కనపెట్టి చూసినా ఇద్దరూ వేరని తెలియాలి. ఓడెట్ చూపు కిందికి, పక్కకి పోతుంది. ఓడిల్ సూటిగా చూస్తుంది. మధ్యమధ్య రోత్‌బార్ట్ దగ్గరికి వెళ్లి ఏదో విని వస్తుంది, ఆపై ఓడెట్ రెక్కల కదలికను కావాలనే అనుకరిస్తుంది. రాకుమారుడు వలలో పడేది అక్కడే.

ఓడిల్, రాకుమారుడు ఇద్దరి నాట్యానికి ఒక క్రమం ఉంది: ఇద్దరూ కలిసి నెమ్మదిగా, తర్వాత అతను ఒక్కడే, తర్వాత ఆమె ఒక్కతే, చివర ఇద్దరూ వేగంగా. ఆ చివరి భాగంలో వచ్చేవి ప్రసిద్ధమైన 32 ఫుయెటేలు. 1895లో ఇటలీ నర్తకి పియరీనా లెన్యాని వీటిని ఈ పాత్రలో చేసింది, అప్పటి నుంచి ప్రేక్షకులు ఎదురుచూస్తూనే ఉన్నారు. ఒంటికాలి మీద తిరుగుతూ రెండో కాలిని కొరడాలా పక్కకు విసిరి మోకాలి దగ్గరికి లాక్కోవాలి. లెక్కపెట్టాలనుకుంటే కాలి విసుర్లు లెక్కపెట్టండి. కొందరు ఒక్క విసురుకు రెండు చుట్లు తిరుగుతారు, చుట్లు లెక్కిస్తే తప్పు వస్తుంది. మొదలుపెట్టిన చోటు గుర్తుపెట్టుకోండి. ప్రతి చుట్టుకూ మడమ కిందికి దిగి లేస్తుంది. దిగినప్పుడు బరువు కాస్త ముందుకు పడితే ఒక్కో చుట్టుకూ కొద్దికొద్దిగా జరిగి, చివరికి వేదిక అంచుకు వచ్చేస్తారు. తల ఆలస్యంగా తిప్పితే కళ్లు తిరుగుతాయి. ఇవి సరిగ్గా పడ్డాయా లేదా అన్నదాన్నిబట్టి మాత్రం నర్తకిని తూచొద్దు. కొందరు గొప్ప నర్తకులు వీటి బదులు వేదిక చుట్టూ వేగంగా తిరిగే చుట్లు వేశారు.

సీగ్‌ఫ్రీడ్ రెండు వేళ్లెత్తి ప్రమాణం చేస్తాడు. వెంటనే కిటికీ దగ్గర అసలు ఓడెట్ రెక్కలు కొట్టుకుంటూ కనిపిస్తుంది, ఆర్కెస్ట్రా మొత్తం మీ ఓబో బాణీని గట్టిగా, గాయపడినట్టు పలుకుతుంది. మొదటి రోజు మూడుసార్లు విన్న శ్రమ ఇక్కడ దక్కుతుంది.

పూర్తి ఆల్బమ్ కొనుక్కుని వీడియోతో పోల్చేవాళ్లు ఇక్కడ గందరగోళపడతారు. ఓడిల్ నాట్యానికి వాడే సంగీతం చైకోవ్‌స్కీ మొదటి అంకానికి రాసినది. 1895లో స్వరకర్త రికార్డో డ్రిగో స్వరరచనను సవరించినప్పుడు దాన్ని ఇక్కడికి మార్చారు. చైకోవ్‌స్కీ పియానో రచనలు మూడింటిని కూడా డ్రిగో వాద్యబృందానికి మలిచి చేర్చాడు. ఆల్బమ్ 1877 క్రమంలో ఉంటే రెండూ కలవవు, అది రికార్డింగ్ తప్పు కాదు.

7. ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా

ఇప్పుడు మొదటి అంకం బరువనిపించదు, ఎందుకంటే ఎవరికోసం ఎదురుచూడాలో మీకు తెలుసు. థియేటర్‌లో చూసే అవకాశం ఉన్న విదేశాల్లోని తెలుగువాళ్లు ముందు వరుసల టికెట్లకు ఎగబడొద్దు. అక్కడి నుంచి పాదాలు సరిగా కనపడవు, వరుసలు అసలే కనపడవు. మొదటి బాల్కనీ మధ్యలో కూర్చుంటే హంసలు గీసే గీతలన్నీ కనిపిస్తాయి. ఆలస్యంగా వస్తే విరామం దాకా లోపలికి రానివ్వని చోట్లు చాలా ఉన్నాయి.

నాలుగో అంకం ముగింపు ప్రదర్శననుబట్టి మారుతుంది. 1895 నాటి కథలో ఇద్దరూ సరస్సులో దూకుతారు, ఆ త్యాగంతో మాంత్రికుడి శక్తి నశిస్తుంది, వాళ్లు లోకాంతరంలో కలుస్తారు. సోవియట్ కాలంలో సుఖాంతం వచ్చింది. నృత్య రూపకర్త కాన్‌స్తంతీన్ సెర్గేయెవ్ 1950 ప్రదర్శనలో సీగ్‌ఫ్రీడ్ రోత్‌బార్ట్ రెక్క విరిచేస్తాడు. ఏ ముగింపు అయినా చివరి నిమిషాల్లో కళ్లు మూసుకుని వినండి. అదే బాణీ బి మైనర్ నుంచి బి మేజర్‌లోకి తిరుగుతుంది. మన లెక్కలో నటభైరవి వదిలి శంకరాభరణంలో అడుగుపెట్టడం: గాంధారం, ధైవతం, నిషాదం మూడూ ఒక్కో మెట్టు పైకి లేస్తాయి. దిగులుగా మొదలైన బాణీ ఇత్తడి వాద్యాల మధ్య తలెత్తుకుని నిలబడుతుంది.