బుక్స్‌టెహూడె పాసకాలియాను తాళం వేస్తూ వినే పద్ధతి

ధనుర్మాసపు కచేరీలు వింటూ చెన్నైలో పెరిగిన తెలుగువారికి చర్చి ఆర్గన్ మొదటిసారి ఒకే పెద్ద హోరుగా వినిపించడం సహజం. ఆ హోరులో దారి దొరకాలంటే డీట్రిచ్ బుక్స్‌టెహూడె డి మైనర్ పాసకాలియాతో (ఒకే మంద్రస్వరాల వరుస మళ్లీ మళ్లీ వస్తుండగా దాని మీద పైస్వరాలు మారుతూ సాగే కృతి) మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే మనకు చిన్ననాటి నుంచి అలవాటైన ఆవర్తనమే దానికి ఆధారం. డెన్మార్క్‌ను స్వదేశంగా భావించిన ఈ ఆర్గనిస్టు 1660 నుంచి డెన్మార్క్‌లోని హెల్సింగోర్‌లో పనిచేసి, 1668లో జర్మనీలోని ల్యూబెక్ నగరపు మేరీ చర్చికి వెళ్లి, 1707లో కన్నుమూసేదాకా అక్కడే కొలువు చేశారు. ఆ చర్చి జమాఖర్చులు రాసే బాధ్యత కూడా ఆయనదే. క్రిస్మస్‌కు ముందు ఆదివారాల్లో వర్తకుల విరాళాలతో ఆయన జరిపిన సాయంకాలపు కచేరీల ఖ్యాతి ఎంతటిదంటే, 1705లో తరువాత గొప్ప స్వరకర్తగా పేరొందిన యువ బాఖ్ నాలుగు వారాల సెలవు పెట్టి తాను పనిచేసే ఆర్న్‌స్టాట్ పట్టణం నుంచి కాలినడకన వెళ్లి, దాదాపు నాలుగు నెలలు అక్కడే ఉండిపోయారు.

కృతిని వెతికేటప్పుడు బుక్స్‌డబ్ల్యూవీ (BuxWV, బుక్స్‌టెహూడె కృతుల పట్టిక) 161 అనే సంఖ్య చూసుకోండి. ఫోన్ స్పీకరులో మంద్రస్థాయి పలకదు కాబట్టి మంచి హెడ్‌ఫోన్ తప్పనిసరి. మొదటిసారి పైస్వరాలను పూర్తిగా వదిలేసి, వాద్యకారుడు పాదాలతో పెడళ్ల మీద నొక్కే మంద్రస్వరాలను మాత్రమే వినండి. మూడేసి మాత్రల నాలుగు ఖండాలను, అంటే 12 మాత్రలను, తొడ మీద చేత్తో లెక్కిస్తే ఆ వరుస మళ్లీ మొదటికి వచ్చే చోటు అరచేతికే తెలుస్తుంది.

ఆ వరుస ఏడేసి సార్ల చొప్పున నాలుగు భాగాల్లో మొత్తం 28 సార్లు వస్తుంది. భాగానికీ భాగానికీ నడుమ శ్రుతిని మార్చే చిన్న సంచారం ఉంటుంది; అక్కడ చెయ్యి ఆపి, వరుస తిరిగి మొదలవగానే అందుకోండి. రెండో భాగం ఎఫ్ మేజర్‌లో ఉంటుంది. పాశ్చాత్య మైనర్ మన నటభైరవి రాగాన్నీ, మేజర్ శంకరాభరణాన్నీ పోలి ఉంటాయి; నటభైరవిలో గాంధారాన్ని షడ్జంగా తీసుకుంటే శంకరాభరణం పలుకుతుందని గ్రహభేదం తెలిసినవారు ఎరుగుదురు. ఇక్కడ చీకటి గదిలో కిటికీ తెరిచినట్లు వినిపించే మార్పు సరిగ్గా అదే. మూడో భాగం మొదటి శ్రుతికి పంచమమైన ఏ మైనర్‌లో సాగుతుంది, నాలుగోది తిరిగి డి మైనర్‌కు చేరుతుంది. మైనర్ భాగాల్లో ముగింపు స్వరాల దగ్గర కాకలి నిషాదం తగిలి కీరవాణి రాగపు ఛాయ కనబడుతుంది.

లెక్క తప్పకుండా కుదిరిన తరువాతే పైస్వరాల మీదికి చెవి మళ్లించండి. అప్పుడు అవి హోరుగా కాక, పల్లవిని పట్టుకుని చేసే నెరవులా విడివిడిగా వినిపిస్తాయి. ఆపై ఎగ్మోర్‌లోని సెయింట్ ఆండ్రూస్ కర్క్ వంటి పైపు ఆర్గన్ ఉన్న చర్చికి ఆదివారం ఆరాధన వేళ వెళ్లి, నడిమి బల్లల్లో నిశ్శబ్దంగా కూర్చుని, మంద్రస్వరం పలికినప్పుడు బల్ల చెక్కపై అరచెయ్యి ఆనించి చూడండి.