స్వైన్ ఫ్లూ: జ్వరం మొదలైన పూట నుంచి ఏం గమనించాలి

నేను ఊపిరితిత్తుల వార్డులో నర్సును. రోగిని తీసుకొచ్చినవాళ్ళను మొదట అడిగేది ఒకటే: జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైంది? "నాలుగైదు రోజులవుతుంది సిస్టర్" అంటారు. స్వైన్ ఫ్లూలో రెండో రోజుకూ ఐదో రోజుకూ చాలా తేడా ఉంది. అందుకే ఒళ్ళు వెచ్చబడిన పూటే క్యాలెండర్ మీద రాసుకోండి.

స్వైన్ ఫ్లూ తెచ్చే ఈ హెచ్1ఎన్1 వైరస్ 2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాలలో బయటపడింది. మన దేశంలో తొలి కేసు ఆ మే నెలలో హైదరాబాద్‌లోనే, విదేశం నుంచి వచ్చిన ప్రయాణికుడిలో తేలింది. 2010 ఆగస్టులో మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినా వైరస్ పోలేదు; ఏటా వచ్చే ఫ్లూలలో ఒకటిగా మిగిలింది. పేరులో స్వైన్, అంటే పంది, ఉన్నా పంది మాంసం తింటే ఇది రాదు. దగ్గు, తుమ్ముల తుంపరల వల్ల మనిషి నుంచి మనిషికే అంటుతోంది. పందులు పెంచేవాళ్ళను దూరం పెట్టడం అన్యాయం.

వైరస్ సోకాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి. జలుబు మెల్లగా ముదురుతుంది; ఫ్లూ మాత్రం పొద్దున పనికి వెళ్ళిన మనిషిని సాయంత్రానికి మంచాన పడేస్తుంది. చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు, గొంతు నొప్పి. పిల్లల్లో వాంతులు, విరేచనాలూ ఉండవచ్చు. లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుతుంది కాబట్టి, తెలిసిన క్షణమే రోగికి వేరే గది, మాస్కు ఏర్పాటు చేయండి.

మొదటి రెండు రోజులకు ఎందుకంత విలువ? వైరస్ గొంతు, శ్వాసనాళాల కణాల్లో దూరి తనలాంటివి వేలకొద్దీ తయారుచేస్తుంది. అవి ఆ కణం నుంచి విడిపడి పక్క కణాలకు పాకాలంటే న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఒసెల్టామివిర్ మందు దాన్నే అడ్డుకుంటుంది. వైరస్ ఇలా పాకడం ఇంకా సాగుతుండగా, అంటే 48 గంటల్లోపు, మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. అందరికీ ఇది అక్కర్లేదు. గర్భిణులు, ఐదేళ్ళలోపు పిల్లలు, 65 దాటినవారు, మధుమేహం, ఉబ్బసం, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం మొదటి రోజే డాక్టరును కలవాలి. ఈ మందు మొదలుపెట్టడానికి పరీక్ష ఫలితం కోసం ఆగనక్కర్లేదు.

మిగతావారికి ఇంట్లో విశ్రాంతి, ద్రవాలు, పారాసిటమాల్ సాధారణంగా చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. ఇంకొకటి చేతులు జోడించి చెబుతున్నాను: జ్వరం దిగిపోవాలని స్టెరాయిడ్ సూది వేయించుకోకండి. ఒక రోజు హాయిగా అనిపిస్తుంది, లోపల జబ్బు ముదురుతుంది. అలా ఆలస్యమై వచ్చినవాళ్ళను మా వార్డులో చూశాను.

రోజుకు మూడుసార్లు జ్వరం చూసి రాయండి. దానికన్నా ముఖ్యం ఊపిరి లెక్క. రోగికి చెప్పకుండా, పడుకున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో నిండు నిమిషం లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. పెద్దవాళ్ళకు విశ్రాంతిలో 12 నుంచి 20 మామూలు. వాళ్ళకు 24 దాటినా, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్‌లో 94 శాతం కన్నా తగ్గినా ఆసుపత్రికి బయలుదేరండి.

మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు కళ్ళు తెరుచుకుని ఉండాలి. ఎక్కువమందికి అప్పటికి జ్వరం దిగుతుంది. దగ్గు, నీరసం రెండు వారాలు లాగినా భయం లేదు. కొద్దిమందిలో మాత్రం వైరస్ ఊపిరితిత్తుల అడుగుకు దిగి ఆయాసం మొదలవుతుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది మరొకటి: జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజులు బాగుండి, మళ్ళీ కాయడం, పచ్చని కఫం పడటం. ఇంట్లోవాళ్ళు దాన్ని కొత్త జ్వరం అనుకుంటారు. దెబ్బతిన్న శ్వాసనాళాల్లోకి బ్యాక్టీరియా చేరి న్యుమోనియా వచ్చి ఉండవచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ అవసరమే, డాక్టరు చూసి రాసినది.

ఆయాసం, ఛాతీ నొప్పి, కఫంలో రక్తం, పెదవులు గోళ్ళు నీలంగా మారడం, మగత, మాట తడబడటం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా ఆగకండి. పసిపిల్లల్లో పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేయడం చూడండి.

పారాసిటమాల్ లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే గది నుంచి బయటకు రానివ్వండి. ఏటా వేసే ఫ్లూ టీకాలో ఈ వైరస్‌కూ రక్షణ ఉంటుంది. అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానాకాలానికి ముందే వేయించుకోవడం మంచిది. గర్భిణులు ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు.