పక్షుల్ని గుర్తుపట్టడం – 4వ పాఠం: పెద్ద చిలుక

పోయిన పాఠంలో రామచిలుకను గమనించమని చెప్పాను. ఆ పని చేయనివాళ్ళు ముందు అది పూర్తి చేసి రండి. ఎందుకంటే తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ మన కంటపడే చిలుకల్లో ఎక్కువ శాతం రామచిలుకలే. పెద్ద చిలుక (అలెగ్జాండ్రిన్ పారాకీట్ అనే వేరే జాతి) కనబడిందని చెప్పాలంటే, ముందు అది రామచిలుక కాదని తేల్చుకోవాలి.

మెడలో గులాబీ, నలుపు పట్టీ కనిపించగానే చాలామంది 'ఇదే పెద్ద చిలుక' అనేస్తారు. ఆ పట్టీని పక్కన పెట్టండి. అది రెండు జాతుల్లోనూ ఎదిగిన మగవాటికి ఉంటుంది, ఆడవాటికి ఉండదు. పిల్లలు కూడా ఆడవాటిలాగే ఉంటాయి, మగపిల్లకు పట్టీ రావడానికి రెండేళ్ళు దాటుతుంది. కాబట్టి పట్టీని బట్టి తెలిసేది అది ఎదిగిన మగ పక్షి అని మాత్రమే, ఏ జాతో తెలియదు. పెద్ద చిలుకకు పట్టీ కాస్త వెడల్పుగా ఉంటుంది కానీ, దూరం నుంచి ఆ తేడా పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం.

అసలు చూడాల్సింది భుజం. రెక్క ముడిచినప్పుడు పైభాగంలో, కుంకుమ అంటిన చేయి తుడిచినట్టు ముదురు ఎరుపు మచ్చ ఉంటుంది. ఆడ, మగ రెండింటికీ ఉంటుంది. పిల్లల్లో కాస్త వెలిసినట్టు ఉంటుంది. రామచిలుక రెక్క మీద ఎరుపు అసలే ఉండదు. ఒక్కటే ఇబ్బంది, వెలుతురు పక్షి వెనకనుంచి వస్తుంటే ఆ ఎరుపు నల్లగా కనిపిస్తుంది, లేదా కనిపించనే కనిపించదు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. అలిపిరి దగ్గర కొండవైపు తిరిగితే, చలికాలం ఉదయాల్లో ఎండ వెనకనుంచో కుడిచేతి వైపునుంచో పడుతుంది. టెన్షన్ లేకుండా చూసుకోవచ్చు.

భుజం మచ్చ కనబడింది కదా అని అక్కడితో ఆపేయొద్దు. మన అడవుల్లో తల ఎర్రగా ఉండే చిన్న చిలుక ఒకటి ఉంది. దాని మగదానికీ భుజం మీద చిన్న ఎరుపు మచ్చ ఉంటుంది. కాకపోతే దాని పైముక్కు పసుపురంగు, తోక చివర తెలుపు. తల ఆకుపచ్చగా ఉండి భుజం ఎర్రగా ఉంటేనే ముందుకు వెళ్ళండి.

ఆ తర్వాత ముక్కు. దక్షిణాదిలో రామచిలుకకు పైముక్కు ఎర్రగా ఉన్నా కిందిది సాధారణంగా నల్లగా ఉంటుంది. పెద్ద చిలుకకు రెండూ ఎరుపే, పైగా మొహానికి మించినంత లావు. నా లెక్కలో భుజం మచ్చ తర్వాత నమ్మదగ్గ గుర్తు ఇదే. బైనాక్యులర్ లేకపోయినా, ఫోన్‌లో తీసిన ఫొటోను జూమ్ చేస్తే చాలాసార్లు తేలిపోతుంది.

సైజు విషయంలో జాగ్రత్త. పెద్ద చిలుక ముక్కు నుంచి తోక దాకా దాదాపు 58 సెంటీమీటర్లు, రామచిలుక 40 దాకా. అంటే రామచిలుక పొడవు ఊరకాకి అంత. కానీ ఇందులో సగానికి పైగా తోకే. ఈకలు రాలే కాలంలో తోక పొట్టిదైపోతుంది, అప్పుడు ఈ కొలత మోసం చేస్తుంది. తోకను వదిలేసి తల, ఛాతీ ఎంత లావుగా ఉన్నాయో చూడండి. రాలిన తోక ఈక దొరికితే రంగు చూసి జాతి చెప్పేయకండి, రెండింటికీ నీలం కలిసిన ఆకుపచ్చే. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఈక 30 సెంటీమీటర్లు దాటితే పెద్ద చిలుకదే అయ్యుండొచ్చు. ఈకను అక్కడే వదిలేయండి, ఇంటికి తేవద్దు.

గొంతు సంగతి రాతలో చెప్పడం కష్టం. రామచిలుకది కీచుమనే సన్నని అరుపు. పెద్ద చిలుకది బొంగురు, కాస్త లోతైన గొంతు. రెక్కలు కూడా నిదానంగా, బరువుగా ఆడిస్తుంది.

అలవాట్లకొస్తే, రామచిలుక గోడల సందుల్లో, పాత కట్టడాల్లో హాయిగా సర్దుకుంటుంది. దామలచెరువు వైపు మామిడి తోటల్లో దానికి ఢోకా లేదు. పెద్ద చిలుకకు ముఖ్యంగా పెద్ద చెట్ల తొర్రలు కావాలి. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య రెండు నుంచి నాలుగు గుడ్లు పెడుతుంది. పండ్లు, గింజలు, మొగ్గలు తింటుంది, బూరుగ పూల తేనె కోసమూ వస్తుంది. ముదురు చెట్లు నరికేయడం ఒక దెబ్బ అయితే, మాటలు బాగా నేరుస్తుందని తొర్రల్లోంచి పిల్లల్ని ఎత్తుకుపోవడం ఇంకో దెబ్బ. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. తొర్ర ఎక్కడుందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ఫొటోలో లొకేషన్ కూడా ఆపేయండి. పంజరంలోంచి తప్పించుకున్నవీ ఊళ్ళో తిరుగుతుంటాయి కాబట్టి, నగరంలో ఒంటరిగా ఒకటి కనిపిస్తే ఆ మాట కూడా రాసుకోండి.

ఈ వారం అభ్యాసం: తెల్లవారాక ఒక గంట, మర్రి, రావి, బూరుగ చెట్లున్నచోట నిలబడండి. కనిపించిన ప్రతి చిలుకకూ భుజం, కింది ముక్కు, తల రంగు, అరుపు అనే నాలుగు గడుల్లో రాయండి. కనబడని గడిలో 'చూడలేదు' అని రాయండి, ఊహించి నింపొద్దు. భుజం, ముక్కు రెండూ సరిపోతేనే 'పెద్ద చిలుక' అని పెట్టండి. ఒక్కటే దొరికితే 'చిలుక, జాతి తేలలేదు' అని రాసి తర్వాతి పక్షికి వెళ్ళిపోండి. వచ్చే పాఠంలో ఆ ఎర్రతల చిలుక, దాని బూడిదరంగు తల ఆడపక్షి.