రావలసిన మెడల్ కోసం – 3వ పాఠం: డిశ్చార్జి బుక్కు చదవడం, మొదటి ఉత్తరం రాయడం

ఈ పాఠానికి కూర్చునే ముందు, ఆర్మీ నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన మీ డిశ్చార్జి బుక్కు ఒరిజినల్ ఎదురుగా పెట్టుకోండి. జిరాక్స్‌తో ఈ పని కాదు. పెన్సిల్ గుర్తులు, ఎర్ర ఇంకుతో కొట్టేసిన గీతలు జిరాక్స్‌లో సరిగ్గా పడవు. మనకు కావలసిన ఆధారం చాలాసార్లు వాటిలోనే ఉంటుంది. బుక్కు కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటే తెప్పించుకున్నాకే మొదలుపెట్టండి. రెండో పాఠంలో చెప్పిన పీపీఓ (పెన్షన్ ఆర్డరు కాగితం), పాత ఐడెంటిటీ కార్డు, యూనిట్ ఫొటోలు, ఇంటికి రాసిన ఉత్తరాలు పక్కన ఉంచుకోండి. మీకు ఇప్పటికే వచ్చిన మెడల్స్ కూడా తీసి పెట్టండి.

మెడల్స్ ఎందుకో చెప్తాను.

నేను ఆర్మీలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాను, కర్నూలులో ఉంటాను. నాలుగేళ్ల కింద ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున ఉన్న మనిషి. అక్కడ ఉన్నవాళ్లకు ఇచ్చే పశ్చిమీ స్టార్ మెడల్ రాలేదు. అప్పటికే ఐదు అర్జీలు పెట్టుకున్నారు. వరసగా చదివాను. ప్రతి అర్జీలో "దేశం కోసం ప్రాణానికి తెగించి పోరాడాను, న్యాయం చేయండి" అని ఉంది. ప్రతి జవాబులో "మీ రికార్డులో ఆ ఎంట్రీ లేదు" అని ఉంది.

"నాకు డబ్బేం వద్దు నాయనా. మనవడు అడిగితే సూపియ్యనీకి ఒకటి ఉండల్ల గదా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. ఈ పాఠాలు రాయడం అక్కడే మొదలైంది.

అదే యుద్ధానికి ఇచ్చే సంగ్రామ్ మెడల్ మాత్రం ఆయనకు వచ్చింది. పాత పంచె ముక్కలో చుట్టి బిస్కెట్ డబ్బాలో తెచ్చారు. మనం మెడల్ ముఖం చూసి ఊరుకుంటాం, అంచు చూడం. గుండ్రటి మెడల్‌కి చుట్టూ ఉండే ఆ సన్నటి అంచు మీద సిపాయి నంబరు, ర్యాంకు, పేరు చిన్న అక్షరాలతో కొట్టి ఉంటాయి. ఆ డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, భూతద్దం పెట్టి ఒక్కో అంకె చదివి కాగితం మీద దించాను. డిశ్చార్జి బుక్కులో ఆయన నంబరు చివరి నుంచి రెండో అంకె 3. మెడల్ అంచు మీద 8 ఉంది.

మొత్తం కథ ఆ ఒక్క అంకెలో ఉంది. మెడల్స్ జాబితా రాసినప్పుడు ఎవరి చేతిలోనో 3 కాస్తా 8 అయింది. సంగ్రామ్ మెడల్‌ని యూనిట్‌లోనే చేతికి ఇచ్చారు కాబట్టి తప్పు నంబరుతోనైనా మనిషికి చేరింది. స్టార్ జాబితా వచ్చేసరికి ఆయన పోస్టింగ్ మీద వేరే చోటికి వెళ్లిపోయారు. కాగితం సిపాయిల సర్వీసు ఫైళ్లు ఉండే రికార్డ్ ఆఫీసుకు చేరింది కానీ ఆ నంబరుతో ఈయన ఫైలు లేదు కదా. ఎవరి ఫైల్లోనూ ఎక్కలేదు. ఆరో ఉత్తరంలో మేము న్యాయం మాట ఎత్తలేదు. "ఈ రెండు నంబర్ల కిందా వెతకండి" అని అడిగాం. ఏడు నెలలకు జవాబు వచ్చింది, ఎంట్రీ దొరికింది. ఆ తర్వాత ఇంకో ఏడాదికి పార్సిల్ వచ్చింది.

ఇంకో మాట. మెడల్ నల్లబడిందని చింతపండు పెట్టి తోమకండి. అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఎంట్రీ ఎలా పుడుతుంది

ఆర్మీ క్లర్కుల భాషలో క్యాజువాల్టీ అంటే దెబ్బ తగలడం ఒక్కటే అనుకోకండి. లీవు, పోస్టింగ్, ప్రమోషన్, పెళ్లి, బిడ్డ పుట్టడం, మెడల్, ఇలా సిపాయి విషయంలో జరిగే ప్రతి మార్పూ క్యాజువాల్టీయే. దాన్ని యూనిట్ పార్ట్ టూ ఆర్డర్‌లో పబ్లిష్ చేస్తుంది. ఆ ఆర్డర్ రికార్డ్ ఆఫీసుకు చేరాక మీ షీట్ రోల్‌లో, అంటే అక్కడ ఉండే మీ సర్వీసు రికార్డులో, ఎక్కుతుంది. డిశ్చార్జి బుక్కులోని మెడల్స్ పేజీ అక్కడి నుంచే వస్తుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా మీ పేజీ ఖాళీగా ఉంటుంది.

అందుకే నేను అందరికీ ఒకటే చెప్తాను: ముందు ఎంట్రీ అడగండి, మెడల్ ఆ వెనకే వస్తుంది. పార్ట్ టూ ఆర్డర్ లేని మెడల్‌ని ఏ రికార్డ్ ఆఫీసరూ ఇవ్వలేడు, ఎంత మంచి మనిషైనా సరే.

మీది నాలుగు రకాల్లో ఏదో తేల్చుకోండి. అర్హత ఉన్నా ఎప్పుడూ పబ్లిష్ కాలేదా? పబ్లిష్ అయింది కానీ బుక్కులో ఎక్కలేదా? బుక్కులో ఉంది కానీ మెడల్ చేతికి రాలేదా? లేక వచ్చిన మెడల్ ఇంట్లో పోయిందా? చివరిది దిద్దుబాటు కిందికి రాదు, డూప్లికేట్ అడగడం అవుతుంది. దాని సంగతి 5వ పాఠంలో. శౌర్య పతకాలు కూడా ఈ పాఠంలో లేవు. వీరచక్ర, సేనా మెడల్ లాంటివి గెజెట్‌లో ప్రకటిస్తారు. "నన్ను సిఫారసు చేయాల్సింది" అనే మాటకు ఈ ఉత్తరంలో చోటివ్వకండి, అడిగే అసలు పని పక్కకు పోతుంది.

రెండు వరుసల కాగితం

తెల్లకాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ యూనిట్‌లో, ఏ చోట ఉన్నారో రాయండి. డిశ్చార్జి బుక్కులో ఉన్నంత వరకు దాన్నుంచి రాసుకోండి. మిగతాది గుర్తున్నంత. ఇంటికి రాసిన ఉత్తరం మీద తేదీ, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) ముద్ర ఉంటే అదీ పనికొస్తుంది. కుడివైపు ఆ కాలానికి రావలసిన మెడల్ రాసి, బుక్కులో ఉంటే టిక్కు, లేకపోతే సున్నా పెట్టండి.

ఏ కాలానికి ఏ మెడలో తెలియాలి కదా. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్, వాటితోపాటు సంగ్రామ్ మెడల్. 1999 కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్. ఈ రెండూ ఒకటి కావు: స్టార్ అక్కడి పోరులో ఉన్నవాళ్లకు, మెడల్ ఆ సమయంలో ఇతర చోట్ల మోహరించిన వాళ్లకు. పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దుకు కదిలిన వాళ్లకు ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. శ్రీలంక వెళ్లిన వాళ్లు స్పెషల్ సర్వీస్ మెడల్ మీద శ్రీలంక క్లాస్ప్ ఉందో లేదో చూసుకోవాలి. క్లాస్ప్ అంటే రిబ్బన్ మీద అడ్డంగా ఉండే చిన్న లోహపు పట్టీ. జమ్మూకశ్మీర్ లాంటి చోట్ల మొత్తం కలిపి ఏడాది చేస్తే సైన్య సేవా మెడల్. 9,000 అడుగుల పైన మొత్తం 180 రోజులు ఉంటే హై ఆల్టిట్యూడ్ మెడల్.

ఇక అందరూ మర్చిపోయేవి, అందరికంటే సులువుగా తేలేవి ఇంకొన్ని ఉన్నాయి. 9, 20, 30 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్స్. 1972, 1997, 2022 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు వచ్చిన 25, 50, 75 ఏళ్ల స్వాతంత్ర్య మెడల్స్. వీటికి సాక్ష్యాలు అక్కర్లేదు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ చాలు. ఉదాహరణకు 1978లో చేరి 1995లో వచ్చేసిన మనిషికి 17 ఏళ్ల సర్వీసు. 9 ఏళ్లది రావాలి, 20 ఏళ్లది రాదు. 1972లో ఆయన ఇంకా చేరలేదు, 1997 నాటికి వచ్చేశారు, కాబట్టి స్వాతంత్ర్య మెడల్స్ ఏవీ రావు. ఇలా మీది మీరే లెక్క వేయండి. రానివి అడిగితే రావలసిన వాటి మీద కూడా నమ్మకం పోతుంది.

మన జిల్లాల తకరారు

జేసీఓగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) ప్రమోషన్ వస్తే నంబరు మారి జేసీ నంబరు వస్తుంది. రిటైరయ్యాక డీఎస్‌సీలో (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరిన వాళ్లకు అక్కడ మరో నంబరు, వాళ్ల రికార్డ్ ఆఫీసు కన్నూర్‌లో. పాత నంబరు మీద వచ్చిన మెడల్స్ కొత్త ఫైల్లోకి రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. మీకు ఎన్ని నంబర్లు ఉండేవో అన్నీ ఉత్తరంలో రాయండి.

ఊరి పేరు ఇంకో చిక్కు. 1970కి ముందు గిద్దలూరు నుంచో మార్కాపురం నుంచో చేరిన వాళ్ల రికార్డులో కర్నూలు జిల్లా అనే ఉంటుంది, ప్రకాశం అప్పటికి పుట్టలేదు. కడప ఇంగ్లిష్ స్పెల్లింగ్ 2005లో మారింది. పాత కాగితాల్లో సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్ అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక డోన్, ఆళ్లగడ్డ వాళ్లు నంద్యాలలోకి, హిందూపురం, కదిరి వాళ్లు శ్రీ సత్యసాయిలోకి వెళ్లారు. ఆధార్‌లో ఒకటి, రికార్డులో ఒకటి కనబడితే అక్కడ కూర్చున్న క్లర్కు వేరే మనిషి అనుకునే ప్రమాదముంది. కాబట్టి "రికార్డు ప్రకారం చిరునామా", "ఇప్పటి చిరునామా" అని రెండూ విడివిడిగా రాయండి. ఇంటిపేరు కూడా అంతే. ఆర్మీ రికార్డులో ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే రాయండి, తప్పుగా ఉన్నా సరే.

ఉత్తరం

పంపేది ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి. అయినా ముందు తెలుగులో రాసుకోండి. విషయం తెలుగులో తేటగా ఉంటే ఎవరితోనైనా మార్పించుకోవచ్చు. ఒక పేజీ దాటకూడదు. నమూనా ఇది:

"ఆఫీసర్ ఇన్‌చార్జ్, రికార్డ్స్ గారికి.

విషయం: సర్వీస్ రికార్డులో మెడల్ ఎంట్రీ సరిచూసి చేర్చవలసిందిగా విన్నపం.

నా నంబరు, ర్యాంకు, పేరు ఇవి. ఫలానా తేదీన చేరి ఫలానా తేదీన డిశ్చార్జి అయ్యాను. 1987 నవంబరు నుంచి 1989 జనవరి వరకు ఫలానా యూనిట్‌తో శ్రీలంకలో ఉన్నాను. డిశ్చార్జి బుక్కు ఫలానా పేజీలో ఆ పోస్టింగ్ ఉంది. మెడల్స్ పేజీలో స్పెషల్ సర్వీస్ మెడల్ ఎంట్రీ లేదు.

దయచేసి: ఒకటి, ఈ మెడల్‌కి పార్ట్ టూ ఆర్డర్ పబ్లిష్ అయిందో లేదో, అయితే దాని నంబరు, తేదీ తెలపండి. రెండు, అయి ఉంటే నా రికార్డులో చేర్చి, మెడల్ ఇప్పించండి. మూడు, కాకపోతే పబ్లిష్ చేయడానికి నా నుంచి ఏ కాగితాలు కావాలో చెప్పండి.

జతచేసినవి: డిశ్చార్జి బుక్కులోని ఆ రెండు పేజీలు, పీపీఓ, ఆధార్ కాపీలు."

అంతే. మూడో ప్రశ్న వదలకండి. "రికార్డులో లేదు" అని ఒక్క ముక్కతో ఫైలు మూసేయకుండా ఆపేది అదే. ఎన్ని కష్టాలు పడ్డారో ఇందులో రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు. రాయండి, కానీ వేరే కాగితం మీద, మీ పిల్లల కోసం. ఈ ఉత్తరం చదివే క్లర్కుకు కావలసింది పేజీ నంబరు, తేదీ, యూనిట్ పేరు.

భర్త పోయాక భార్య అడిగితే "నేను ఫలానా వారి భార్యను" అని మొదటి వాక్యంలోనే రాసి, ఫ్యామిలీ పెన్షన్ పీపీఓ, మరణ ధ్రువపత్రం కాపీలు పెట్టాలి.

స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదు ఉత్తరం కాపీకి పిన్ను కొట్టి పెట్టండి. ఒక కాపీ మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి, వాళ్ల ద్వారా కూడా పంపించమని అడగండి. వాళ్ల ఫార్వర్డింగ్ నంబరు ఉంటే తర్వాత అడగడానికి పట్టు దొరుకుతుంది.

రెండు నెలల్లో ఏమీ రాకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో ఆర్‌టీఐ వేయండి. మీ షీట్ రోల్‌లో మెడల్స్ భాగం కాపీ అడగండి, అంతకంటే ఎక్కువ వద్దు. జవాబుకు 30 రోజుల గడువు. పెన్షన్ లేకుండా వచ్చేసిన వాళ్లకు ఒక జాగ్రత్త: వాళ్ల సర్వీస్ కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. సిపాయి ముఖ్య వివరాలు రాసే రిజిస్టరు, లాంగ్ రోల్ మాత్రం ఉంచుతారు. కాబట్టి వాళ్లు లాంగ్ రోల్ కాపీ అడగాలి. రికార్డ్ ఆఫీసుకు అర్జీ పెట్టిన తేదీ కూడా క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఆరు నెలలు దాటినా ఏ నిర్ణయమూ రాకపోతే, ఆ తర్వాతి ఆరు నెలల్లోపు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లే దారి ఉంది. మనకు చెన్నై బెంచ్. అక్కడిదాకా పోయేవాళ్లు తక్కువే, అయినా తేదీ చేజారిపోకూడదు.

వచ్చే పాఠానికి చేసి ఉంచవలసినవి

రెండు వరుసల కాగితం పూర్తి చేయండి. ఎన్ని సున్నాలు వచ్చాయో లెక్కపెట్టి, అన్నిటికంటే బలమైన ఆధారం ఉన్న ఒక్క మెడల్‌కి మాత్రమే ఉత్తరం తెలుగులో రాయండి. ఒక ఉత్తరంలో ఒకటే మెడల్.

తర్వాత మీ దగ్గరున్న ప్రతి మెడల్ అంచూ చదివి, ఆ నంబరును డిశ్చార్జి బుక్కు మొదటి పేజీలోని నంబరు కింద రాసి ఒక్కో అంకె సరిచూడండి. కళ్లు ఆనకపోతే మనవడిని పిలవండి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే బాగా కనబడుతుంది. అన్నీ కలిస్తే ఉత్తరం పంపేయండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆగండి. రెండు నంబర్లతో రాసే ఉత్తరం వేరుగా ఉంటుంది, 4వ పాఠం దాని గురించే.